బోణీ బేరంలో ఎక్కిన పడవ

ఏ నది ఒడ్డుకు పోయినా మా ఇంటివాళ్ళు చేసే మొదటి పని చెప్పులు విప్పి నా ముందు పెట్టడం. ఆ తర్వాత ఫోన్లు, చేతిసంచులు, చివరికి మెడల్లో గొలుసులు. భద్రాచలంలో గోదావరి స్నానానికి పోయినా, చిత్రకోట్ జలపాతం కింద పడవ షికారుకు పోయినా ఇదే వరస. వాళ్ళంతా నీళ్ళలోకి దిగేవాళ్ళు. నేను మూటల మధ్య ఇంకో మూటలా కూర్చునేదాన్ని. "అక్క ఉన్నదంటే సామాను గురించి బేఫికర్" అని మా మరిది భార్య, అంటే మా యారాలు, నలుగురిలో నన్ను మెచ్చుకునేది.

ఆ మెప్పును నేనెప్పుడూ కాదనలేదు. ఊరికే వచ్చేదాన్ని కాదనే అలవాటు మా వంశంలో లేదు. నేను దుకాణాల మధ్య పుట్టినదాన్ని. సరుకును వదిలి మనిషి కదలకూడదన్నది నాకు నడక కంటే ముందు నేర్పిన పాఠం. ఇంట్లో పెళ్ళి జరుగుతున్నా గల్లా దగ్గర ఒకరు ఉండాల్సిందే. మా పుట్టింటి కొట్టు భోపాల్‌పట్నం బజారులో; మెట్టింటి కొట్టూ అదే వరసలో, కొంచెం అవతల. నన్ను అత్తారింటికి పంపేటప్పుడు మా అమ్మ ఏడవలేదు. "వచ్చేటప్పుడు ఖాళీ నూనె డబ్బా తిరిగి పట్టుకరా" అంది.

అయితే ఒడ్డున కూర్చోవడానికి సామాను ఒక సాకు మాత్రమే. అసలు సంగతి నాకు నీళ్ళంటే భయం. ఆ భయం కూడా దుకాణంలోనుంచి వచ్చిందే.

మా ఊరి పక్క ఇంద్రావతి మీద వంతెన లేని రోజుల్లో అవతలి ఊళ్ళకు సరుకు నాటు పడవలోనే పోయేది. మా నాన్న ఉప్పు బస్తాలు వేసుకుని పోయి, దానికి బదులు ఇప్పపువ్వూ చింతపండూ తెచ్చేవాడు. ఒకసారి నేను ఏడ్చి గోల చేస్తే నన్నూ వెంట తీసుకుపోయాడు. నది నడుమకు వచ్చాక పడవ ఒక పక్కకు ఒరిగింది. నాన్న ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో బస్తాలను పట్టుకున్నాడు. అయినా ఒక బస్తా జారి బుడుంగున మునిగింది. దానికి కట్టిన తాడు పడవకే ఉంది కాబట్టి అది వెనకే ఈడ్చుకుంటూ వచ్చింది. ఒడ్డు చేరాక పడవాయన తాడు లాగాడు. బస్తా వచ్చింది. ఉప్పు రాలేదు. తడిసిన గోనెసంచి మాత్రం చచ్చిన చేపలా అతని చేతుల్లో వేలాడింది.

"నాన్నా, ఉప్పేది?" అన్నాను.

"నది తాగింది బిడ్డా" అన్నాడు నాన్న, నష్టం వచ్చినప్పుడు ఎప్పుడూ మాట్లాడే ఆ మెత్తటి గొంతుతో.

అంతే. నదిలో పడ్డది ఏదైనా కరిగిపోతుందనీ, మూట పైకి వస్తుంది గాని లోపలిది రాదనీ నాకు ఆ రోజే స్థిరపడిపోయింది. నేను పడితే నా పూల గౌను మాత్రం తేలుతుందని చాలా కాలం నమ్మాను. పెద్దయ్యాక అలా కాదని తెలిసింది. తెలియడం వేరు, కడుపు ఒప్పుకోవడం వేరు. కడుపు ఒప్పుకోలేదు.

ఎవరైనా మరీ బలవంతపెడితే నాకు ఇంకో అడ్డం ఉండేది: బేరం. పడవవాడు ఒక ధర చెబుతాడు. నేను నోటికి రాకూడని ధర అడుగుతాను. "పడవ ఎక్కిస్తున్నావా, అమ్ముతున్నావా?" అంటాను. అతను మొహం మాడ్చుకుని పక్క గిరాకీ వైపు తిరుగుతాడు. "చూశారా, పట్టపగలు దోపిడీ! మీరు పోండి, నేను రాను" అని తల ఎత్తుకుని మూటల దగ్గరికి పోతాను. లోకంలో బెల్లం నుంచి బీరువా దాకా ఏ బేరమైనా చివరికి కుదుర్చుకునే నాకు నీళ్ళ మీద బేరం మాత్రం ఒక్కటీ కుదరలేదేమిటని ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. రాలేదనే నేను అనుకున్నాను.

అలాగని ఒడ్డున హాయిగా ఉన్నానా అంటే అదీ లేదు. మావాళ్ళు నీళ్ళలోంచి తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళ ముఖాలు చూసేదాన్ని. తడిసిన జుట్టు, వణికే పెదాలు, ఎందుకు నవ్వుతున్నారో వాళ్ళకే తెలియని నవ్వు. వచ్చి తమ చెప్పులు తాము తొడుక్కునేవాళ్ళు. సరుకంతా లెక్క సరిగ్గానే ఉండేది. నాకు మాత్రం ఏదో తూకం తగ్గినట్టు ఉండేది. బతుకంతా ఇలా పక్కవాళ్ళ చెప్పులు చూసుకుంటూనే గడిచిపోతుందా అని, పైకి అనకపోయినా, ప్రతిసారీ అనుకునేదాన్ని.

మొన్నటి చలికాలం ముందు, దుకాణానికి దుప్పట్లూ స్వెటర్లూ కొనడానికి మా ఆయన, నేను, యారాలు జగదల్‌పూర్ పోయాం. మా చిన్న సరుకుల బండి ఆయనే నడిపాడు. కొనుగోళ్ళు అనుకున్న దానికంటే తొందరగా ముగిశాయి. యారాలు ఫోన్‌లో ఏదో చూసి మా ముందు పెట్టింది. కాంగేర్ లోయలో ఒక ఊరు. అక్కడి అడవి నదిలో ఊరివాళ్ళే వెదురు తెప్పలూ, ప్లాస్టిక్ కయాక్ పడవలూ నడుపుతున్నారు.

"పోదాం అక్కా. ఇంత దూరం వచ్చినం."

"పోదాం. సామాను నేను చూసుకుంట" అన్నాను, అలవాటుగా.

మర్నాడు పొద్దున్నే బయల్దేరి చేరేసరికి నది మీద ఇంకా పొగమంచు ఉంది. వేరే గిరాకీ ఎవరూ రాలేదు. ఒడ్డున రంగురంగుల పడవలు బోర్లించి ఉన్నాయి, దుకాణం ముందు ఆరబెట్టిన పెద్ద పెద్ద గంగాళాల్లా. ముప్పై దాటని ఒక ఆడమనిషి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, పైన ఎర్ర లైఫ్ జాకెట్ తొడుక్కుని, వాటిని ఒక్కొక్కటే తిప్పుతోంది. తనవాళ్ళతో తన భాషలో, మాతో హిందీలో మాట్లాడింది. మా హిందీ మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

యారాలు వెదురు తెప్ప కావాలంది. దాని ధర వెంటనే కుదిరిపోయింది. ఆ మనిషి నా వైపు తిరిగింది.

"దీదీకి ఇద్దరి పడవ బాగుంటుంది. ముందు మీరు, వెనక నేను. ఆ మలుపు దాకా పోయి వద్దాం." ధర చెప్పింది.

నేను నవ్వాను. ఎదుటివాళ్ళకు తమ సరుకు మీద తమకే అనుమానం పుట్టించడానికి మా నాన్న నవ్వే నవ్వు అది. ఆస్తి పంపకాల్లో నా వాటాకు వచ్చింది.

"ఇంతనా? ఇది చెక్క కూడా కాదు. ప్లాస్టిక్ డబ్బా."

"చెక్కదైతే ఎక్కుతారా?"

"నదిలో నీళ్ళు మీవా? మీ నాయన తవ్వించాడా?"

"నది నాది కాదు దీదీ. తీసుకుపోవడం నది పని. తిరిగి తీసుకురావడం నా పని. డబ్బు దానికే."

మాట బాగుందని మనసులో అనుకున్నాను గాని పైకి తేలనియ్యలేదు. ఆమె చెప్పినదానిలో సగం, ఆ సగంలో సగం అడిగాను. అడిగి, ఒక చెయ్యి అప్పుడే చెప్పుల వైపు చాచాను. ఇప్పుడు మొహం తిప్పుకుంటుంది, నేను పోయి కూర్చుంటాను, అంతే కదా.

ఆమె ఖాళీ ఒడ్డు వైపు చూసింది. దారి వైపు చూసింది. పడవ మీద అరచెయ్యి పెట్టి, ఆ చేతిని నొసటికి తాకించుకుని, "సరే" అంది.

"ఏం సరే?"

"మీరన్న రేటే సరే. పొద్దున మొదటి గిరాకీ మీరు. బోహనీ. బోహనీకి వచ్చినవాళ్ళను తిప్పి పంపితే రోజంతా పడవ ఒడ్డునే ఎండుతుంది. మీకు నేను చెప్పాలా? మీరు నవ్వినప్పుడే దుకాణంవాళ్ళని తెలిసింది."

చెప్పుల వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బోణీ అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. తొలి బేరం కుదిరాక కొనేవాడు వెనక్కి పోతే ఆ రోజుకు ఆ దుకాణం నోట్లో మట్టి కొట్టినట్టే. ఒకసారి బోణీ వేళ దుప్పటి ధర తేల్చుకుని "మళ్ళీ వస్తా" అని జారుకున్న మనిషి వెనక నేను బస్టాండు దాకా తిట్టుకుంటూ పోయాను, దుప్పటి చంకలో పెట్టుకునే పోయాను, అమ్మే వచ్చాను. అటువంటి నేను ఇప్పుడు ఏ మొహంతో కాదంటాను? బేరం చెడగొట్టడానికి అడిగిన ధరే బేరాన్ని కుదిర్చేసింది.

"కానీ ఈ రేటుకు ఇద్దరి పడవ రాదు దీదీ," ఆమె ఒక చిన్న పసుప్పచ్చ పడవను నీటి అంచుకు లాగుతూ అంది. "ఒక్కరి పడవ. నేను నా పడవలో పక్కనే వస్తా."

అంటే నేను బేరమాడి బేరమాడి తగ్గించింది ధరను కాదు, నా వెనక కూర్చోవాల్సిన మనిషిని.

యారాలు పొట్ట పట్టుకుని నవ్వింది. "అక్కా, నీళ్ళ మీద నీ బేరం కుదరంగ ఇదే చూసుడు! ఇంకేంది నిలబడ్డవ్?"

"మరి సామాను?" అన్నాను, చివరి కొమ్మ పట్టుకున్నట్టు.

మా ఆయన అప్పటికే ఒక బండరాయి మీద టీ గ్లాసుతో కూర్చుని ఉన్నాడు. నా చెప్పులను కాలితో తన వైపు జరుపుకున్నాడు. "నేను చూస్త పో."

"నువ్వా?"

"ఎప్పుడన్న దిగుతా అంటవేమో, అప్పుడు నేను కూసుందామనే అనుకుంటున్న. ఇన్నేండ్లల్ల నువ్వెన్నడు అడగలే." అని టీ ఊదుకున్నాడు.

అనుమానం రాలేదని నేను అనుకున్నవాళ్ళ జాబితాలోంచి ఆయన పేరును ఆ నిమిషమే కొట్టేసుకున్నాను.

లైఫ్ జాకెట్ పట్టీలు ఆమె బిగిస్తుంటే నేను ఇంకొంచెం, ఇంకొంచెం అని బిగింపించుకున్నాను, చివరికి మాట బయటికి రానంతగా. పడవలో కూర్చోగానే అది నా కింద బతికున్న జంతువులా కదిలింది. రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకున్నాను. తెడ్డు ఒళ్ళో పడుకుని ఉంది.

"దీదీ, పడవను పట్టుకుంటే పడవ పోదు. తెడ్డు పట్టుకోండి."

పట్టుకున్నాను. కుడి పక్క తోస్తే ఎడమకు తిరిగింది. భయపడి ఎడమ పక్క గట్టిగా తోస్తే పూర్తిగా వెనక్కి తిరిగి, మా ఆయన కూర్చున్న రాయిని గుద్దింది. ఆయన టీ ఒలకలేదు గాని మీసం కింద ఏదో ఒలికింది. మళ్ళీ బయల్దేరాను. మళ్ళీ ఒడ్డునే గుద్దాను. యారాలు తెప్ప మీద నిలబడి, ఇంత పొడుగు వెదురు గడ పట్టుకుని, నదికి సర్పంచ్‌లా అరుస్తోంది.

"అక్కా, ఒడ్డును విడిచి ఉండలేకపోతున్నవా ఏంది? అంత ప్రేమైతే ఇంటికి తెచ్చుకుందాం!"

"నువ్వు నీ కట్టెలు చూసుకోవే!"

చెమటలు పట్టాయి. పడవ ఊగిన ప్రతిసారీ నేను రెండో పక్కకు ఒరుగుతున్నాను, నేను ఒరగడంతో అది ఇంకా ఊగుతోంది. అప్పుడు, ఎందుకో, నాన్న చేతి త్రాసు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఇప్పపువ్వు తూచడం నేర్చుకునేటప్పుడు పళ్ళెం ఊగుతుంటే నేను చెయ్యి పెట్టి ఆపబోయేదాన్ని. నాన్న నా చేతి మీద ఒక్కటి వేసేవాడు. "ముట్టకు. ఊగనియ్యి. దానంతట అదే ఆగుతది. ఆగినంకనే ముల్లు చూడు."

నడుము కదల్చకుండా, ఊపిరి కూడా తగ్గించుకుని కూర్చున్నాను. పడవ ఇటు ఊగింది. అటు ఊగింది. ముట్టుకోలేదు. ఇంకొంచెం తక్కువ ఊగింది. ఆగింది.

నెమ్మదిగా తెడ్డు ముంచాను. కుడి. ఎడమ. పడవ ముక్కు తిన్నగా నిలిచింది. ఇంకోసారి కుడి, ఇంకోసారి ఎడమ. కింద నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే ఇసుక మీద గీతలు, వాటి మీద నా పడవ నీడ, ఆ నీడ లోపలికి దూరి పోయే చిన్న చేపలు అన్నీ కనిపిస్తున్నాయి. రెండు పక్కలా అడవి. తెడ్డు మీద నుంచి చుక్కలు పడే చప్పుడు తప్ప ఇంకేం లేదు. నా ముందు ఎవరి చెప్పులూ లేవు. ఎవరూ ధర అడగడం లేదు. నా జన్మలో నేను దేన్నీ అమ్మకుండా, దేన్నీ కొనకుండా, దేనికీ కాపలా కాయకుండా ఉన్న మొదటి ఘడియ అదేనేమో. ఒడ్డును వదిలి ఎంత దూరం వచ్చానో చూసుకున్నాను. భయం కదిలింది. కానీ అది, నవ్వు వచ్చే ముందు కదిలే కదలికలా కూడా ఉంది.

అప్పుడే యారాలు కేక పెట్టింది. "అక్కా, చెప్పు! నా చెప్పు!"

ముందు రోజే జగదల్‌పూర్‌లో కొన్న చెప్పులు. బావగారి కాపలా మీద నమ్మకం చాలక వాటిని తెప్ప మీదికే తెచ్చుకుంది మహాతల్లి. ఒకటి జారి నీళ్ళలో పడి, నా వైపే తేలుకుంటూ వస్తోంది.

ఇక్కడ నా బుద్ధి పనిచేయలేదు, నా వృత్తి పనిచేసింది. దుకాణంలో గద్దె మీద కూర్చున్న మనిషి ఏ వస్తువుకూ లేవదు. కూర్చున్నచోటి నుంచే నడుము వంచి, చెయ్యి చాచి, అల్మారా చివర ఉన్న అగ్గిపెట్టెనైనా అందుకుంటుంది. పాతికేళ్ళు అలా అందుకున్నదాన్ని. పైగా చెప్పు! ఒక్క చెప్పునైనా ఎన్నడూ పోగొట్టని కాపలాదారుని నేను. నడుము వంచి, చెయ్యి చాచాను. చెప్పు అందింది. పడవ నా కింద లేదు.

చల్లదనం ముందు తెలిసింది. తర్వాత ఆకుపచ్చ. చెవుల్లో ఒక మూసుకున్న శబ్దం. ఉప్పు బస్తా జారడం కళ్ళ ముందు కదిలింది. అయిపోయింది, ఇంక గోనెసంచే పైకి పోతుంది అనుకున్నాను. అంతలో ఎవరో భుజాలు పట్టి పైకి ఎత్తినట్టు లైఫ్ జాకెట్ నన్ను గాలిలోకి లేపేసింది.

ముక్కులో నీళ్ళు, కళ్ళ మీద జుట్టు. ముందు చేతులు చూసుకున్నాను. ఉన్నాయి. కాళ్ళు కదిపాను. ఉన్నాయి. మెడలో తాళి ఉంది. కుడి చేతిలో యారాలి చెప్పు ఉంది. అన్నీ ఉన్నాయి. నేను కరగలేదు.

ఆమె తన పడవను నా పక్కకు తెచ్చి, తెడ్డు చాచింది. "భయపడకండి దీదీ. ఇది పట్టుకోండి, ఎక్కిస్తా."

"ఆగు."

"దెబ్బ తగిలిందా?"

"లేదు. కొంచెంసేపు ఇట్లనే ఉంటా."

ఆమె నా మొహంలోకి చూసి, తెడ్డు వెనక్కి తీసుకుంది. "ఉండండి. తేలడానికి వేరే రేటు లేదు."

వెల్లకిలా తేలాను. ఆకాశం, చెట్ల కొనలు. నది నన్ను మెల్లగా తీసుకుపోతోంది; పక్కన తిరిగి తీసుకువచ్చే మనిషి ఉంది. నవ్వు మొదలైంది. ఎందుకని అడిగితే చెప్పలేను. ఒడ్డు నుంచి మా ఆయన లేచి నిలబడి ఏదో అరుస్తున్నాడు, కాని నా చెవులు నీళ్ళలో ఉన్నాయి. యారాలు తెప్ప మీద కూలబడి ఏడుపు నవ్వు కలిపి, "చెప్పు పోతే పోయిందే అక్కా, నువ్వెందుకు దూకినవ్!" అంటోంది. నేను చెప్పును పైకెత్తి చూపించాను.

ఆమె మళ్ళీ ఎక్కించాక ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆ పడవ దిగలేదు. పోయేటప్పుడు ఆమె మొదట చెప్పిన పూర్తి ధర చేతిలో పెట్టాను. నా చరిత్రలో అది కూడా మొదటిసారే. ఆమె నేనడిగినంత మాత్రం తీసుకుని మిగిలింది తిరిగి ఇచ్చేసింది.

"బోహనీ రేటు బోహనీ రేటే. రేపు రండి. రేపు పూర్తిది ఇవ్వండి."

నేను మర్నాడు పోయాను. ఇంత గట్టి వ్యాపారిని మా బజారులో కూడా చూడలేదు.

ఆ చలికాలమంతా మా దుకాణానికి జగదల్‌పూర్ నుంచి రావాల్సిన సరుకు అంతులేకుండా పెరిగింది. సబ్బులు ఒకసారి, బకెట్లు ఒకసారి. బకెట్ మూతలు మరిచిపోయానని ఇంకోసారి. పోయిన ప్రతిసారీ ఒక పూట కాంగేర్ నదిలో. తిన్నగా పోవడం వచ్చింది, తర్వాత మలుపు తిరగడం, తర్వాత కావాలని బోల్తా కొట్టి మళ్ళీ ఎక్కడం. ఇవన్నీ వచ్చినా భయం పోలేదు. ప్రతిసారీ కాలు పెట్టే ముందు కడుపులో అదే పాత ఉప్పు బస్తా ఒకసారి జారుతుంది. "ఇంకా భయమేనా?" అని ఆమె అడిగితే "భయమే" అనేదాన్ని. "మంచిది. భయం లేనివాళ్ళు నా మాట వినరు" అనేది.

కానీ అవతలి ఊళ్ళకు సరుకు వేయడానికి పోతూ మా ఊరి దగ్గర వంతెన మీదికి బండి ఎక్కగానే కిందికి చూసేదాన్ని. కింద ఇంద్రావతి. అడవి వాగులో ఎన్ని మలుపులు తిరిగితే ఏం, ఇక్కడ మాత్రం ఇంకా వంతెన మీద సామాను మధ్యనే కూర్చుని దాటుతున్నాను. ఉప్పు పోయిన చోటును తెడ్డు వేసుకుంటూ దాటనంతవరకు ఒడ్డున కాపలా మానినట్టు కాదని నా లెక్క.

ఆమె దగ్గర అడుగున అతుకు వేసిన ఒక పాత పసుప్పచ్చ పడవ ఉంది. దాన్ని అడిగాను. పొద్దున మొదలైన బేరం మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది. నేను అతుకు చూపించాను, ఆమె అతుకు వేసిన చోట ఎన్నడూ కారలేదని చూపించింది. నేను లేచి పోయాను, ఆమె పిలవలేదు, నేనే తిరిగి వచ్చాను. ఇద్దరికీ అంత సంతోషంగా గడిచిన పూట ఈ మధ్య లేదు. చివరికి తేలింది గాని ఆమె ఒక షరతు పెట్టింది.

"పక్కన ఇంకో పడవ లేకుండా దిగనని మాట ఇవ్వండి. లేకపోతే ఏ రేటుకూ ఇవ్వను."

దాని మీద బేరమాడలేదు. మాట ఇచ్చాను.

ఉల్లిగడ్డ బస్తాల మీద పడవను కట్టుకుని ఇంటికి బయల్దేరాం. దారిలో ఒక తనిఖీ నాకా దగ్గర జవాను బండి ఆపి చుట్టూ తిరిగి చూశాడు. "ఏమిటిది?" అన్నాడు హిందీలో. "పడవ." "ఎవరికి?" "నాకే." అతను నన్ను పై నుంచి కింది దాకా చూసి, పడవను వేళ్ళతో తట్టి, తమ ఊరు సముద్రం పక్కనే అని చెప్పి, తాడు వదులైన చోట తానే ఇంకో ముడి వేసి పంపించాడు.

బజారులో దించగానే జనం మూగారు. కుడితి తొట్టి అనుకుని ఒక రైతు, "ఎంతకిస్తవ్ అక్కా? నాకు రెండు కావాలె" అన్నాడు. ఇది అమ్మేది కాదన్నాను. మా కొట్టు ముందు పెట్టి ఉన్న వస్తువును అమ్మేది కాదని నేను అనడం విని పక్క కొట్టాయన బయటికి వచ్చి చూశాడు.

చలి ఇంకా పోని ఒక ఉదయం ఇంద్రావతికి పోయాం. నీళ్ళు తగ్గి, ఇసుక మేటలు తేలి ఉన్నాయి. పక్కన రావడానికి చేపలు పట్టే ఒక పెద్దాయనను మాట్లాడుకున్నాను. ఆయన తన నాటు పడవలోంచి నా పడవను చాలాసేపు చూశాడు.

"గిది కోడిగుడ్డు పెంకు లెక్క ఉన్నదేంది బిడ్డా?"

"తేలుతది తాతా."

"తేలుతది సరే. సీదా పోకు. ముక్కు మీది దిక్కుకు, నీళ్ళు వచ్చే దిక్కుకు పెట్టి తొయ్యి. నీళ్ళే నిన్ను కిందికి దించుకుంట అవతలికి చేరుస్తయి."

చెప్పులు విప్పాను. ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన చెయ్యి చాచాడు.

ఇది కాంగేర్ కాదు. మంచం వెడల్పు వాగు కాదు. ఒడ్డు దాటిన కాసేపటికే నీటి లాగుడు తెలిసింది. లోతు పెరిగి కింద ఇసుక కనిపించడం మానేసింది. నడుమకు వచ్చేసరికి పడవ ముక్కును నది మెల్లగా, మర్యాదగా, కింది దిక్కుకు తిప్పడం మొదలుపెట్టింది. పడవ ఊగింది. చేతులు తెడ్డు వదిలి అంచులు పట్టుకోబోయాయి. ఇక్కడే ఎక్కడో మా నాన్న ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో బస్తాలను పట్టుకున్నాడు. రెండు చేతులూ నా మీద వేసి ఉంటే ఇంకో బస్తా పోయేది. రెండూ బస్తాల మీద వేసి ఉంటే నేను పోయేదాన్ని. దుకాణదారుడు కాబట్టి చెరో చెయ్యి వేశాడు.

"మీది దిక్కు బిడ్డా! మీది దిక్కు!" పెద్దాయన పక్క నుంచి అరిచాడు.

ముట్టకు, ఊగనియ్యి అనుకున్నాను. నడుము నిలిపాను. ఊగి, ఊగి, ఆగింది. తెడ్డు లోతుగా ముంచి పడవ ముక్కును మీది దిక్కుకు తిప్పాను. భుజాలు మండాయి. కుడి, ఎడమ. నేను మీదికి పోదామని తోస్తుంటే నది నన్ను అవతలికి జరుపుతోంది. ఇద్దరం కలిసి చేస్తున్న పని అది. మా నాన్న ఉప్పు ఎప్పుడో ఈ నీళ్ళతోనే గోదావరిలో కలిసి సముద్రం చేరి ఉంటుందని అప్పుడు తోచింది. ఉప్పుకు పుట్టిల్లు అదే కదా. పోగొట్టుకున్నామని మేం అనుకున్నాం గాని, అది ఇంటికే పోయింది.

పడవ అడుగు ఇసుకను రాసిన చప్పుడు వినబడింది. అవతలి ఒడ్డు.

దిగి, పడవను ఇసుక మీదికి లాగి వెనక్కి చూశాను. ఇన్నేళ్ళూ నేను కూర్చున్న వైపు నుంచి నది ఎలా ఉంటుందో తెలుసు. ఇటు నుంచి మావాళ్ళు ఎలా కనిపిస్తారో మాత్రం ఎన్నడూ చూడలేదు. చిన్నగా ఉన్నారు. యారాలు నీళ్ళ అంచున గంతులు వేస్తూ రెండు చేతులూ ఊపుతోంది. ఆమె వెనక మా ఆయన. నా చెప్పులను ఇసుక మీద జతగా పెట్టి, వాటి పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు, సరిగ్గా నేను కూర్చునేలాగే. నేను చూస్తున్నానని తెలిసి ఒక చెయ్యి ఎత్తి, తొందరేం లేదన్నట్టు ఊపాడు.

"పోదామా బిడ్డా?" అన్నాడు పెద్దాయన.

"పోదాం తాతా. కానీ సీదా కాదు," అని పడవెక్కి, ముక్కును మీది దిక్కుకు తిప్పాను. మేటల అవతల మలుపు ఉంది. అది దాటి చూసి వద్దాం. చెప్పుల దగ్గర మనిషి ఉన్నాడు.